టేకు మేస్త్రి మరమ్మతులు

టేకు మేస్త్రి పెరట్లోకి ఇంకొకరు చేసిన గూడు వచ్చింది. తెప్పించింది అతని భార్యే.

మేస్త్రి వీధి చివర రేకుల షెడ్డులో తలుపులు, కిటికీలు చేస్తాడు. తీరిక దొరికితే కోళ్ళగూళ్ళు చేస్తాడు. ఏ చెక్క పట్టుకున్నా "టేకంత గట్టిది" అంటాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళకు అతని గూళ్ళు బాగా తెలుసు. వాటికి అడుగు ఉండదు. గడ్డి మీద పెట్టి, రోజూ పొద్దున్నే గూడంత మేర పక్కకు జరపాలి. కోళ్ళకు కొత్త గడ్డి, కొత్త పురుగులు దొరుకుతాయి. నిన్నటి చోట పడిన రెట్ట నేలకు ఎరువవుతుంది.

జరపాల్సిన గూడన్న సంగతి ఒక్కటే మేస్త్రి పట్టించుకోడు. మిగతావన్నీ చూస్తాడు. మేకు తల కనబడనివ్వడు, మూలల్లో వెంట్రుక దూరనివ్వడు. "ఏనుగెక్కినా కిర్రుమనదు" అని చెబుతాడు. ఏనుగు మాట ఎలా ఉన్నా, మామూలు మనిషి ఒక్కడే దాన్ని కదపలేడు. తమ పెరట్లో గూడును, ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అతనే పళ్ళు బిగించి జరుపుతాడు. పని మీద పొరుగూరు వెళ్ళాడంటే గూడు ఎక్కడిదక్కడే. కోళ్ళు తమ రెట్టలోనే తిరుగుతుంటాయి.

"కాస్త తేలిగ్గా ఉండేది ఒకటి చేసిపెట్టండి" అని భార్య చాలాసార్లు అడిగింది.

"అగ్గిపెట్టె చేసివ్వమంటావా?" అనేవాడు.

కౌజు పిట్టలు పెంచుదామనుకున్నప్పుడు ఆమె అతన్ని అడగడం మానేసి, చెల్లెలి మొగుడితో చెప్పింది.

ఆ తోడల్లుడు సైకిళ్ళు బాగుచేస్తాడు. అతనంటే మేస్త్రికి మొదటినుంచీ పడదు. కారణం చెప్పమంటే చెప్పలేడు. అత్తగారు పెద్దల్లుడు కనబడితే పని చెప్పేది, చిన్నల్లుడు కనబడితే కబుర్లు చెప్పేది. ఇన్నేళ్ళుగా మేస్త్రికి ఉన్న ధైర్యం ఒక్కటే, వాడికి చెక్క పట్టుకోవడం రాదని. తీరా చూస్తే వాడు చెక్కతో పనే పెట్టుకోలేదు. ప్లాస్టిక్ పైపులతో చట్రం కట్టి, చుట్టూ జాలీ బిగించి, ఒక పక్క పిల్లల సైకిల్ చక్రాలు, రెండో పక్క పిడి పెట్టి తెచ్చాడు. మోకాలెత్తు కూడా లేదు. పైన వల, దాని మీద టార్పాలిన్.

"ఇదేంటి, మంచమా?" అన్నాడు మేస్త్రి.

"గూడండీ. మరిది చేశాడు."

"వాడికి గూళ్ళు చేయడం ఎప్పుడొచ్చింది?"

"నేనడిగాక వచ్చింది."

"మీ ముందు నేనెంత అన్నయ్యా! వదిన అడిగింది కదా అని ఏదో అతుకులేశా" అన్నాడు తోడల్లుడు. ఆ వినయానికి మేస్త్రికి ఒళ్ళు ఇంకా మండింది.

మర్నాడు పొద్దున భార్య చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతూనే, ఒంటిచేత్తో గూడు లాగి కొత్త గడ్డి మీద పెట్టింది. చెయ్యి దులుపుకోను కూడా లేదు. మేస్త్రి కిటికీలోంచి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు.

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "మేస్త్రి గారింట్లోనే ఇది పెట్టుకున్నారంటే ఇక అడగాలా! మాకూ ఒకటి చెప్పండమ్మా" అంది. ఆమెను చూసి వెనకింటివాళ్ళు చెప్పారు, వాళ్ళను చూసి మందుల షాపాయన చెప్పాడు. సొంత పెరడే పగవాడి దుకాణమైపోయింది.

అప్పుడు మేస్త్రి మరమ్మతులు మొదలుపెట్టాడు.

ముందు మూలలు ఊగుతున్నాయని నాలుగు మూలలకూ చెక్కముక్కలు బిగించాడు. తర్వాత అడుగున చుట్టూ పట్టీ వేశాడు. తలుపుకున్న తీగ కొక్కెం పీకేసి తన గడియ పెట్టాడు. పైకెత్తి పక్కకు లాగితేనే తెరుచుకునే గడియ అది.

"బాగానే ఉందిగా, ఎందుకండీ ఇవన్నీ?" అని భార్య అడిగింది.

"మనింట్లో వస్తువు ఊగితే పరువెవరిది పోతుంది?"

మొగుడి అలక తీరిందనుకుని ఆమె ఊరుకుంది. మేస్త్రి మాత్రం ఊరుకోలేదు. పొడుగునా రెండు వాసాలు, వాటి మధ్య అడ్డకర్రలు పడ్డాయి. చివరికి వల విప్పేసి, టార్పాలిన్ కింద మందపాటి పలకలు పరిచాడు. వానకు పనికొస్తుందన్నాడు.

ఆమె రెండు చేతులతో లాగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత కాళ్ళు తన్నిపెట్టి లాగవలసి వచ్చింది. ఓ సాయంత్రం నడుముకు నొప్పి మందు రాసుకుంటూ, "వయసు మీద పడుతోందండీ. మొన్నటిదాకా ఉన్న సత్తువ ఏమైందో!" అని నిట్టూర్చింది. "మీ మరిది గూడు కదా, పోనుపోను అలాగే మొరాయిస్తుంది" అన్నాడు మేస్త్రి.

ఒక పొద్దున పెరట్లో స్టీలు బకెట్టు చేయిజారి బండ మీద పడింది. ఆ చప్పుడుకి కౌజు పిట్టలన్నీ ఒక్కసారిగా నిలువునా ఎగిరాయి. పైన పలక టపటపమంది. ఒక పిట్ట కిందపడి మళ్ళీ లేవలేదు. భార్య దాన్ని చేతిలో పెట్టుకునే చెల్లెలి మొగుడికి ఫోన్ చేసింది. "నువ్వు చేసిన గూడు నన్నూ చంపుతోంది, పిట్టల్నీ చంపుతోంది. ఒకసారి వచ్చి చూడు నాయనా" అంది.

తోడల్లుడు వచ్చి టార్పాలిన్ తీశాడు. పలకల మీద వేలితో కొట్టి చూశాడు.

"అన్నయ్యా, కౌజు పిట్ట బెదిరితే కోడిలా పక్కకు పరిగెత్తదు. బాణంలా పైకి లేస్తుంది. తల తగిలినా మెత్తగా ఉంటుందనే వల కట్టాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"మీరడిగితేగా!" పిడి పట్టుకుని గూడు ఎత్తబోయి వదిలేశాడు. "అబ్బో! ఇందులో నావి చక్రాలే మిగిలాయి వదినా."

భార్య గూడు వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"అయితే నా నడుం బాగానే ఉందన్నమాట" అంది.

లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "విప్పండి."

మేస్త్రి బిగించిన స్క్రూలు అంత తేలిగ్గా వచ్చేవి కావు. చెమటలు కక్కుతూ ముందు పలకలు తీశాడు. ఆమె పిడి పట్టుకుని ఎత్తి చూసి, "ఇంకా" అంది. వాసాలు వచ్చాయి. మళ్ళీ ఎత్తి, "ఇంకా" అంది. ఒక్కో ముక్క తీసినప్పుడల్లా, ఇక చాలంటుందేమోనని అతను ఆమె మొహం చూశాడు. పట్టీ పోయింది, మూలల చెక్కలూ పోయాయి. నున్నగా చిత్రిక పట్టిన కర్ర అంతా గడ్డిలో కుప్పపడింది. తోడల్లుడు తన మానాన తాను పైన మళ్ళీ వల కడుతున్నాడు. ఏదైనా ఎగతాళి చేసి ఉంటే మేస్త్రికి కాస్త ప్రాణం కుదుటపడేది.

గడియ మీద స్క్రూడ్రైవర్ పెట్టేసరికి ఆమె ఆపింది. "అదుండనీండి. పిల్లి తీగ కొక్కేన్ని పంజాతో తీయబోయేది. దీని జోలికి మాత్రం రాలేదు."

తోడల్లుడు వంగి గడియ ఎత్తాడు, లాగాడు, మళ్ళీ మూశాడు. "భలే ఉందన్నయ్యా! ఇది నాకు నేర్పండి. నా గూళ్ళన్నిటికీ పెడతాను."

"అది నేర్పితే వచ్చే పని కాదు" అన్నాడు మేస్త్రి.

"అయితే మీరే చేసివ్వండి."

కుదరదని చెప్పేద్దామనుకున్నాడు. "ఎన్ని కావాలేంటి?" అన్న మాట నోట్లోంచి ఊడిపడింది.

"పక్కింటామెదొకటి, వెనకింటివాళ్ళవి రెండు, మందుల షాపాయనది, బడి దగ్గర టీచరమ్మది..." తోడల్లుడు వేళ్ళు మడుస్తూ ఒక చెయ్యి పూర్తిచేసి రెండో చేతికి వెళ్ళాడు. మేస్త్రి అటు చూడలేక, గడ్డిలో కూర్చుని తన స్క్రూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.