బొమ్మలు లేని జాబితా

కంటి ఆసుపత్రి పై అంతస్తులో కంప్యూటర్ల పని చూసే ఆయన్ని కింద కౌంటరు పిల్ల "నత్తన్నా" అని పిలిచేది. ఒక్క పేరు తెర మీదికి రావాలంటే ఆవలింతలు తీస్తూ కూర్చోవాల్సిందే మరి. ఆయనకు కోపం రాదు. కోపం తెచ్చుకోవడానికీ ఓపిక కావాలి కదా.

ఆ రోజు ఆయన భార్యకూ అక్కడే పని. ఒక కన్ను ఎప్పుడో పోయింది. ఉన్న కన్నయినా నిలుస్తుందో లేదో పెద్ద డాక్టరు చెప్పే రోజు.

"ఆ మాట నేనొక్కదాన్నే వినలేనండీ. పక్కనుంటే చాలు," అంది పొద్దున.

"నీ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా దిగిరానూ?" అని ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి మెట్లెక్కాడు.

పైన మేనేజరు కాచుకుని ఉన్నాడు. "పాత కంటి ఫొటోలన్నీ తీసి పారెయ్యండి. అప్పుడైనా ఇది కదులుతుంది."

"అవి లేకపోతే జబ్బు పెరిగిందో తగ్గిందో డాక్టర్లకెలా తెలుస్తుంది సార్? కాస్త ఆగండి, చూస్తాను."

చూస్తే ఏముంది, మన ఖర్మ. డేటాబేసుకి ఎప్పుడో ఎవరో మహానుభావుడు రాసిపెట్టిన ఆజ్ఞ అది: ఉన్నదంతా పట్టుకురమ్మని. కౌంటరుకి కావలసింది పేరూ, వంతూ. వస్తున్నవి మాత్రం ఒక్కో పేరు వెనకాల ఆ మనిషి కళ్ళకు ఇన్నేళ్ళుగా తీసిన ఫొటోలన్నీ. గోటితో పోయేదానికి గొడ్డలి. ఇన్నాళ్ళూ దీన్ని విప్పి చూసే తీరికెక్కడ? రోజూ ఏదో ఒకటి చెడుతూనే ఉంటుంది, దీని దాకా వచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండదు.

ఆజ్ఞ మార్చి రాశాడు. జాబితాకి పేరూ వంతూ చాలు. డాక్టరు ఎవరి పేరు నొక్కితే వాళ్ళ ఫొటోలే రావాలి. ఒక్కటి కూడా చెరపలేదు. జాబితా రెప్పపాటులో వచ్చి కూర్చుంది. మేనేజరు భుజం తట్టి టీ తెప్పించాడు. ఎన్నాళ్ళకో ఒక పని పూర్తయిందని ఆయన కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా తాగాడు. ఇంకా బోలెడు టైముందనుకున్నాడు.

దిగి వచ్చేసరికి బెంచీలు సగం ఖాళీ.

"ఏం మంత్రం వేశావో గానీ అన్నా, లైను పరిగెడుతోంది," అంది కౌంటరు పిల్ల. "వదిన కూడా ఎప్పుడో లోపలికి వెళ్ళొచ్చేసింది."

ఆయన గబగబా అటు నడిచాడు. డాక్టరు గది పక్కన గోడ పట్టుకుని నిలబడి ఉంది భార్య.

"కాసేపు ఆగమనకపోయావా?"

"అన్నాను. వెనకాల ఇంతమంది ఉన్నారు కదమ్మా అన్నారు."

"ఏం చెప్పారు?"

"పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి చూపించారు. ఎంత గబుక్కున వచ్చాయో." ఆమె కొంగు సరిచేసుకుంది. "ఇదీ నిలవదట."

ఆయన చెయ్యి చాచాడు. ఆమెకు అది కనపడలేదో, కనపడినా పట్టుకోలేదో, ఆయనకు తెలియలేదు.