మూర్తి పక్కింటి సెంటర్ ఫార్వర్డ్

1979 అక్టోబర్‌లో మూర్తి చికాగో నుంచి ఫోన్ చేశాడు. ఒకప్పుడు యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్‌లో నేను గోల్‌కీపర్‌ని, అతను డిఫెండర్.

"మా పక్కింటి రెనాటో గారు ఇటలీలో పెద్ద లీగ్ ఆడారురా. నెక్స్ట్ వీక్ మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత బాల్ తన్నొద్దన్నారట డాక్టర్లు. ఈలోగా ఒక్క పెనాల్టీ, అసలైన గోల్‌కీపర్ మీద కొట్టాలట. వీకెండ్‌కి టికెట్ బుక్ చేసేయ్."

ఇలాంటి పిలుపొస్తే ఆగే మనిషిని కాను. శనివారం పొద్దున్నే నేనుండే ట్రాయ్ ఊరి నుంచి కారులో డెట్రాయిట్ స్టేషన్‌కి వెళ్లి రైలెక్కాను. చికాగో వెళ్లేవారికి ఈ రైలే నయం. సీట్లు విశాలం, కాఫీ మాత్రం ఉత్త నీళ్లు. ఫ్లాస్క్ తెచ్చుకోండి.

పక్క సీటు పెద్దావిడ ఎక్కడికని అడిగింది. పాతకాలం ఫుట్‌బాల్ ఆటగాణ్ణి చూడటానికన్నాను.

"అయితే గుమ్మంలో పట్టడేమో," అంది.

ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే భారీకాయులు ఆడే వేరే ఆటని గుర్తొచ్చి, సాకర్ అని దిద్దుకున్నాను. ఆవిడ ఆసక్తి అక్కడితో చల్లారింది.

మధ్యాహ్నం మూర్తి స్టేషన్‌కొచ్చి నేరుగా రెనాటో గారింటికి భోజనానికి తీసుకెళ్లాడు. ఆయన బక్కపలచటి మనిషి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలో ఓ రేవుపట్నం క్లబ్బులో సెంటర్ ఫార్వర్డ్‌గా చేరారట. గోల్స్ కొట్టారు, ఓ పెద్ద క్లబ్బు ఆయన్ని కొనుక్కుంది. అక్కడే మోకాలు దెబ్బతింది. కింది డివిజన్‌కు జారి, ఆఖరికి అమెరికా వచ్చి ఇళ్లలో టైల్స్ పరిచారు.

"మోకాలిని సగం బంతి తినేసింది, సగం టైల్స్ తినేశాయి," అన్నారు పాస్టా వడ్డిస్తూ. "పెనాల్టీ మాత్రం ఎప్పుడూ కీపర్‌కి ఎడమ పక్కకే. అందరికీ తెలుసు. ఆపినవాడు లేడు."

నాలుగింటికి పార్కుకు వెళ్లాం. ఆయన కుంటుతూ వచ్చి బంతి పెట్టారు. నాకు నా పెంపకం అడ్డొచ్చింది. తండ్రి వయసు మనిషి, వచ్చే వారం ఆసుపత్రి, ఎలా ఆపను? కాస్త ఆలస్యంగా ఎడమ పక్కకు పడ్డాను. గోల్. మూర్తి చప్పట్లు కొట్టాడు.

రెనాటో గారి మొహం మాడిపోయింది. "కావాలనే వదిలావు. నేనింకా ఆటగాణ్ణేనా కాదా తెలుసుకుందామని నిన్ను పిలిపించాను. ఇప్పుడెలా తెలుస్తుంది?"

నాకు సిగ్గేసింది.

"ఆయన కరెక్టేరా. పెద్దాయన అని చూడకు, ఆపేయ్," అన్నాడు మూర్తి.

రెండోసారి ఒళ్లు దాచుకోకుండా దూకాను. ఎటొస్తుందో తెలుసు, అటే వచ్చింది. వేళ్ల చివర రాసుకుంటూ గోల్ గీత దాటిపోయింది. నేలను గుద్ది తెలుగులో ఓ గట్టి తిట్టు తిట్టాను. రెనాటో గారికి ఆ తిట్టు అర్థం కాలేదు, నా కోపం మాత్రం బాగా అర్థమైంది. మోకాలు పట్టుకుని పగలబడి నవ్వారు.

ఆదివారం తిరుగు రైలెక్కాను. మోచెయ్యి గీరుకుపోయి మండుతోంది. కిటికీ బయట మిషిగన్ చెట్లన్నీ ఎర్రబారి చూడముచ్చటగా ఉన్నాయి, నేను మాత్రం ఆ బంతి గురించే ఆలోచిస్తున్నాను. అది ఆపగలిగే బంతే. డెట్రాయిట్ దాకా ఉక్రోషం తగ్గలేదు. పెద్దల కాళ్లకు దణ్ణం పెట్టాను, లేచి కుర్చీ ఇచ్చాను, ఆయన బంతికి ప్రాణం పెట్టి దూకినంత మర్యాద మాత్రం ఇదివరకు ఎవరికీ చేయలేదు.