రాణిగారి గొంతు ఎవరిది?

ఆ వయసులో నాకు లోకమంతా ఏదో దాస్తున్నట్టే ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో రియాద్‌లో, మలాజ్ అనే పేటలో అద్దెకుండేవాణ్ణి. నా గదిలోనే మా కంపెనీ డ్రాఫ్ట్స్‌మన్, తెనాలి వైపు పెద్దమనిషి, ఉండేవాడు. (అందరికీ బాబాయే.) ఆయనకు ఒక పాత సంగీత నాటకమంటే పిచ్చి. మన వైపు రిక్షా తొక్కేవాళ్లకు కూడా నోటికొచ్చిన నాటకమే. దాన్ని ఎవరెవరు రికార్డు చేశారో అవన్నీ క్యాసెట్లుగా ఆయన దగ్గరుండేవి: మొదటి గ్రామఫోను ప్లేట్ల నకలు, తర్వాత రేడియోది, ఆ తర్వాత హార్మోనియం పక్కన కీబోర్డు చేరినది. మొదటి ప్లేట్లలో రాణి పద్యాలు పాడింది తన తల్లేనని చెప్పేవాడు.

నేను నమ్మితే ఒట్టు. పరాయివాళ్లుంటే వాళ్లమ్మ గడప దాటేది కాదని ఆయనే ఒకసారి నోరు జారాడు. అలాంటావిడ మద్రాసు వెళ్లి పాడిందా? పేరడిగితే "టీ పెట్టనా?" అనేవాడు. పైగా ఆ క్యాసెట్లో రాణి పద్యం అయిందో లేదో టక్కున తెగిపోయేది. కొన్ని పాత ప్లేట్ల చివర, పాడినవాళ్లు తమ పేరు తామే చెప్పుకునేవారని ఎక్కడో విన్నాను. ఇంకేముంది, గుట్టు బయటపడుతుందని బాబాయే ఆ ముక్క చెరిపేశాడని తేల్చేశాను. (అప్పట్లో నేను పాలప్యాకెట్టు మీద తేదీని కూడా నమ్మేవాణ్ణి కాదు.)

ఆఫీసు పని మీద జెద్దా వెళ్లినప్పుడు, బలద్ అనే పాతబస్తీలో గది తీసుకున్న ఒక తెలుగాయన దగ్గర అవే ప్లేట్ల నకలు, తెగకుండా చివరిదాకా ఉందని ఆయన చెప్పినది, దొరికింది. వినకుండానే పట్టుకొచ్చాను. దొరికిపోయినప్పుడు బాబాయి ముఖం చూడాలిగా! శుక్రవారం మధ్యాహ్నం భోజనాలవగానే టేప్‌రికార్డర్లో పెట్టాను. పద్యం అయింది. కాసేపు గరగర. ఆ తర్వాత ఎవరో మగమనిషి చిన్నగా దగ్గి, తన పేరూ ఊరూ చెప్పాడు.

"ఏం బాబాయ్, మీ అమ్మగారికి మీసాలుండేవా?" అన్నాను, నవ్వు ఆపుకోలేక.

"మా నాన్నరా" అన్నాడు బాబాయి. "ఆడవేషాలు కట్టేవాడు. బళ్లో 'మీ నాన్న చీరలు ఇప్పుడెవరు కట్టుకుంటున్నార్రా' అని నన్ను ఏడిపించుకు తినేవాళ్లు. ఇక్కడ మీతో అమ్మేనని చెప్పేస్తే ఆ గొడవ వదిలిపోతుందనుకున్నా."

నా నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. బాబాయికి నాలుగేళ్లప్పుడే ఆయన పోయాడట.

"నాకు దొరికిందే చివర తెగిన టేపు, ఇన్నాళ్లూ నా దగ్గరున్నది రాణిగారి గొంతేనోయ్. నాన్న మామూలుగా మాట్లాడితే ఎలా ఉంటుందో ఇదే వినడం. ఒరేయ్, మళ్లీ వెయ్యి" అన్నాడు, కళ్లు తుడుచుకోకుండానే.

వేశాను. ఆ పూటంతా పద్యం జోలికి పోకుండా ఆ ఒక్క ముక్కే వెనక్కి తిప్పి తిప్పి విన్నాం. టేపు నలిగిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకులాడింది. దొంగను పట్టుకుందామని బయలుదేరిన మొనగాణ్ణి, ఆయన పక్కన చతికిలబడి ముక్కు ఎగబీల్చడం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"బాబాయ్, ఆ దగ్గు అచ్చం నీదే" అన్నాను చివరికి.

బాబాయి టేపు ఆపి, ఒకసారి దగ్గి చూసుకున్నాడు.