అక్క పాట ఉన్న ఫైలు

కంప్యూటర్ మీద నాకు ఎన్నడు కోపం రాదు. వస్తే మనుషుల మీదనే. నాందేడ్‌ల ఏండ్ల సంది కంప్యూటర్ క్లాస్ నడుపుతున్న. క్లాస్‌కు వచ్చేటోళ్ల కంటె "మేడం, వీడియో నడుస్తలేదు, జర చూడుండ్రి" అని పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చేటోళ్లే ఎక్కువ. బారసాల వీడియో, రిటైర్మెంట్ వీడియో, బిడ్డ డాన్స్ వీడియో. ఒక్కొక్కటి తెరిచి, ఎక్కడ చిక్కువడ్డదో చూసి, బాగుచేసి ఇస్త. సగం మంది థాంక్స్ గూడ చెప్పరు. పోనీ. కాని నా ఇంటి వీడియో నా దగ్గరికి వచ్చిన నాడు నేను ఎంత గుడ్డిదాన్నయిన్నో చెప్తే ఎవ్వరు నమ్మరు.

మేము ముగ్గురం. పెద్దక్క, నేను, తమ్ముడు. మా నాయిన రైల్వేల పనిచేసిండు, నిజామాబాద్ దిక్కుకెళ్లి బదిలీ మీద వచ్చి ఈడనే ఉండిపోయిండు. అమ్మ తొందరగ పోయింది. మమ్ముల ఇద్దర్ని పెంచింది అక్కనే. నా జడ ఏసింది, తమ్ముడి ముక్కు తుడిచింది, వాడు అన్నం తిననని మొండికేస్తే క్వార్టర్ల చుట్టు తిప్పుకుంట తినిపిచ్చింది. తర్వాత అక్కను ధర్మాబాద్‌ల ఇచ్చి పెండ్లి చేసిండ్రు. బావ పోయినంక మళ్ల మా దగ్గరికే వచ్చింది. ఇప్పుడు నా తాన్నే ఉంటది.

అక్కకు పాటలు వస్తయి. సినిమా పాటలు కాదు, పెండ్లి పాటలు. మా దాంట్ల పెండ్లినాడు పిల్లగాని తరపోళ్లు భోజనాలకు కూసున్నప్పుడు, పిల్ల తరపు ఆడోళ్లు వాళ్ల ముంగట నిలవడి వియ్యపురాలిని ఆడిపోసుకుంట పాడుతరు. ఆమె నడక మీద, ఆమె కొంగు మీద, ఆమె లడ్డూలు ఎన్ని తిన్నదన్న దాని మీద. వియ్యపురాలికి కోపం రావద్దు. వచ్చిందా, ఇంకో పాట ఎక్కువ పడుతది. ఈ పాటలు ఏడ రాసి లేవు. అమ్మ నుంచి అక్కకు వచ్చినయి, సగం అక్క అప్పటికప్పుడు కట్టేది. నాందేడ్‌ల తెలుగోళ్ల ఇంట్ల పెండ్లి అంటె పంతులు కంటె ముందు మా అక్కనే పిలిచేటోళ్లు. నాకు మాత్రం ఒక్క పాట రాదు. గొంతే లేదు నాకు, ఏం చెయ్యాలె.

పోయినేడాది తమ్ముడి బిడ్డ పెండ్లి అయ్యింది. పిల్లగానోళ్లు మరాఠోళ్లు, పుణేల పెద్ద కొలువులు. మా తమ్ముడు సర్కారీ దఫ్తర్ల సాహెబ్. ఇంట్ల పిల్లలతోని మరాఠీనే మాట్లాడుతడు. పెండ్లినాడు పొద్దుగాల్నే అందర్ని నిలవెట్టి చెప్పిండు, "ఎవ్వరు ఫోన్లు తియ్యొద్దు. షూటింగ్ ఆయనకు అడ్డం వస్తరు. అంతా లైవ్ ఆవాజ్‌తోని తీస్తుండు, మీకు కాపీలు ఇస్త." మేము మంచోళ్ల లెక్క ఫోన్లు పర్సులల్ల వెట్టుకున్నం. భోజనాల కాడ అక్క పాడింది. ఆ మాట ఈ మాట కలిపి, మరాఠీ గూడ మధ్యల ఏసి, వియ్యపురాలిని ఎంత ఆడుకున్నదంటె, ఆమె నవ్వి నవ్వి కొంగుతోని కండ్లు తుడుచుకున్నది. "ఇంకోటి, ఇంకోటి" అని ఆమెనే అడిగింది. ఆనాడు అక్కను చూస్తుంటె నాకు ఎంత గర్వమయ్యిందో చెప్పలేను.

అటెన్క కొన్ని నెలలకే అక్క గొంతుల గడ్డ వచ్చింది. హైదరాబాద్ తీస్కపోయినం. ఆపరేషన్ చేసిండ్రు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పెదవులు కదులుతయి, మాట రాదు. సైగలతోని చెప్తది, నాకు అర్థమయితది. ఇంటికి వచ్చినంక ఒకనాడు వంట చేసుకుంట ఉంటే నాకు దిగ్గున తట్టింది. అక్క గొంతు ఏడ లేదు! ఆమెకు వాట్సాప్ అలవాటు లేదు. అందరి పెండ్లి సీడీలల్ల అక్క ఉన్నది గని, ఈ షూటింగోళ్లు అక్క పాట మీద సినిమా పాట ఎక్కిస్తరు కదా, అన్నిట్ల నోరు అక్కది, పాట ఇంకెవ్వలదో. తమ్ముడు ఇచ్చిన పెండ్లి వీడియోల గూడ అదే కథ. ఇక మిగిలింది కెమెరాల తీసిన అసలు ఫైలు. ఎడిటింగ్ కాకముందుది. అక్క పాట ఉంటె దాంట్లనే ఉండాలె.

తమ్ముణ్ణి అడిగిన. ఇయ్యాల రేపు అన్నడు. నేను ఊకుంటనా, తాప తాపకు ఫోన్ చేసి పీక్కతిన్న. చివరికి భోజనాల ఫైలు ఒక్కటి పెన్‌డ్రైవ్‌ల ఏసి పంపిండు. "చిన్నక్కా, నా దాంట్ల నడుస్తలేదు. నువ్వు కంప్యూటర్ టీచర్‌వు కదా, నీ దాంట్ల నడుస్తదేమో చూడు" అన్నడు.

నా దాంట్ల గూడ నడవలేదు. ఈ ఫైలు తెరవలేను అని లాప్‌టాప్ మొఖం మీదనే చెప్పింది. నారింజ రంగు టోపీ బొమ్మ ఉండే వీడియో ప్లేయర్ల ఏసిన. అది ఏదున్న తింటది గని దీన్ని ముట్టలేదు, టైమ్ కాడ సున్నా చూపెట్టింది. పెన్‌డ్రైవ్ ఖరాబేమో అని మళ్లొకసారి కాపీ తెప్పిచ్చిన. వేరే కంప్యూటర్ల చూసిన. ఫార్మాట్ మార్చే సాఫ్ట్‌వేర్ల ఏస్తె అది మధ్యల చేతులెత్తేసింది. ఫైలు సైజు చూస్తె మాత్రం మస్తు లావుగ ఉన్నది. అంటె లోపల సరుకున్నది. అక్క లోపల ఉన్నది, తలుపు తెరుచుకుంటలేదు, అంతే.

తమ్ముడు రోజు ఫోన్ చేసేది. "ఏమయ్యిందే చిన్నక్కా, నడిచిందా? వీడియో విప్పే కోడెక్ లేదేమో, కొత్తది ఎక్కియ్. నీ లాప్‌టాప్ పాతది, హెచ్‌డీ తట్టుకోదేమో. నా దోస్త్ ఇంకో కన్వర్టర్ చెప్పిండు, లింక్ పంపుత." వాడు పంపిన లింకులన్ని డౌన్‌లోడ్ చేసిన. ఒకదాంతోని వైరస్ గూడ వచ్చింది, క్లాస్‌ల రెండు మెషిన్లు పన్నయి. అయినా నాకు మనసుల మంచిగనే అనిపిచ్చింది. మా తమ్ముడు సాహెబ్ అయిండు గని అక్క మీద ఎంత పానం వాడికి, అనుకున్న. అక్కతోని గూడ అన్న. అక్క చెయ్యి ఊపింది, వదిలెయ్ అన్నట్టు. ఆమె ఎప్పుడు అంతే, ఎవ్వర్ని పరేషాన్ చెయ్యొద్దంటది అనుకున్న. నేను ఎట్ల వదిలేస్త!

నడవకపోవడానికి కారణం చివరికి దొరికింది. కెమెరా రికార్డింగ్ ఆపినప్పుడు, ఏ బొమ్మ ఏడున్నదో చెప్పే పట్టీ ఒకటి ఫైలు చివర్ల రాస్తది. ఆపకముందే బ్యాటరీ పోయిందనుకో, ఆ పట్టీ ఉండదు. బొమ్మలన్ని ఉంటయి గని ప్లేయర్‌కు ఏడ మొదలువెట్టాలెనో తెల్వదు. బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఉన్నది. కాని దానికి అదే కెమెరాతోని తీసిన మంచి ఫైలు ఒకటి నమూనాగ ఇయ్యాలె. దాన్ని చూసి ఇది సదురుతది. తమ్ముణ్ణి ఇంకొక ఫైలు అడిగిన. "హార్డ్‌డిస్క్ ఖరాబయ్యిందే" అన్నడు. సరే అన్న. నా తెలివికి ఏం తెగులు వచ్చిందో, సరే అన్న!

మా ఊర్లనే వజీరాబాద్‌ల ఉన్న ఆ షూటింగ్ ఆయన స్టూడియోకు నేనే పోయిన. మొదటిసారి ఆయన కిన్వట్ దిక్కు ఏదో పెండ్లికి పోయిండట, తాళం ఉన్నది. రెండోసారి దొరికిండు. మర్యాదస్తుడు, కుర్చీ ఏసిండు, చాయ్ తెప్పిచ్చిండు. మా అక్కకు గొంతు పోయింది భావూ, ఆ పాట కోసం తిరుగుతున్న అని చెప్పిన. ఆయన నా మొఖం చూడలేదు, కంప్యూటర్ల చూసుకుంట ఉన్నడు. ఫైళ్లన్ని తీసేసిన తాయీ, అన్నడు. నాకు ఒక్క చిన్న ముక్క ఉన్నా చాలన్న. వెతికి వెతికి, భోజనాలకు ముందు లైటు సరిచూసుకునేటందుకు తీసిన ముక్క ఒకటి ఇచ్చిండు. పని ఒత్తిడిల ఉన్నడు అనుకున్న గని, ఆ మనిషి సిగ్గువడుతుండు అని నాకు తోచలేదు.

క్లాస్‌ల ఉన్న పెద్ద మెషిన్ల నమూనా ఇచ్చి నడిపిన. దానికి స్పీకర్లు లేవు. పిల్లలు పరీక్ష రాస్తుండ్రు, నేను తెర దిక్కే చూస్తున్న. బొమ్మ వచ్చింది! వరుసగ విస్తర్లు, వడ్డించేటోళ్లు, పచ్చ చీరల మా అక్క. కుర్చీలకెళ్లి లేచి నిలవడ్డ. ఆడనే తమ్ముడికి ఫోన్ కొట్టిన, "ఒరే, బొమ్మ వచ్చిందిరా!"

వాడు "ఆవాజ్?" అన్నడు.

"ఇంక ఇనలే. ఇంటికి పోయి అక్క పక్కన కూసుండి ఇంట."

"ఆవాజ్ రాకపోవచ్చు చిన్నక్కా. ఆడియో కోడెక్ వేరే ఉంటది. ఆశ వెట్టుకోకు, అక్కకు చూపెట్టకు" అన్నడు. పాపం, అక్క బాధపడుతదని అంటుండు అనుకున్న.

ఇంటికి వచ్చి అక్కను పక్కన కూసోవెట్టుకొని, స్పీకర్లు తగిలిచ్చి నడిపిన. అక్క పాడుతుంది. చెయ్యి తిప్పుతుంది, కన్ను కొడుతుంది, వియ్యపురాలు కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతుంది. ఆవాజ్ లేదు. స్పీకర్ చూసిన, ప్లేయర్ మార్చిన, తమ్ముడు చెప్పిన కోడెక్‌లు గూడ ఎక్కిచ్చిన. ఆఖరికి ఆవాజ్‌ను గీతల లెక్క చూపెట్టే సాఫ్ట్‌వేర్ల తెరిచిన. ఆ చివర నుంచి ఈ చివర దాక ఒకటే తిన్నని గీత. ఇది ఖరాబయిన ఆవాజ్ కాదు. ఖరాబయితే గరగర అంటది, కిర్రుమంటది, గీత ఎగిరెగిరి పడుతది. తిన్నగ ఉన్నదంటె తీసేటప్పుడే మైక్ బంద్ చేసిండ్రు. ఆ స్టూడియో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టిన. నీ చేతులు పడిపోను, మైక్ పెట్టుకోనోనివి కెమెరా ఎందుకు పట్టినవు అని. అప్పుడు అక్క నా మోచెయ్యి పట్టుకున్నది, చాలు అన్నట్టు. నేను ఇడిపిచ్చుకున్న. కెమెరా మైకే చెడిపోయి ఉండెనా ఏంది, చూద్దామని ఆ నమూనా ముక్క తెరిచిన. దాంట్ల గీత ఎగురుతుంది. నొక్కిన.

పాత్రల చప్పుడు, పిల్లల లొల్లి, అన్ని సాఫ్‌గ ఇనవడుతున్నయి. తెర మీద ఖాళీ విస్తర్లు. పక్కకెళ్లి మా తమ్ముడు వచ్చిండు, కొత్త కుర్తా, మెడల కండువ. కెమెరా పట్టినాయనతోని మరాఠీల చెప్తుండు, కెమెరా నడుస్తుందని వాడికి తెల్వదు. "ఇగో, మా పెద్దక్క పాటలు మొదలువెడుతది. అప్పుడు మైక్ బంద్ చెయ్. బొమ్మ రానీ, ఆవాజ్ వద్దు. పుణేల నలుగురు చూసే వీడియో. ఊరోళ్ల లెక్క ఆ మోటు పాటలు, మా ఇజ్జత్ పోతది. దాని మీద మంచి పాట ఏదన్న ఎయ్."

వాడి ఎనక, చేతుల తాంబూలాల పళ్లెం పట్టుకొని, పచ్చ చీరల అక్క నిలవడి ఉన్నది. మరాఠీ ఆమెకు నాకంటె మంచిగ వస్తది. అక్క వాడి వీపు దిక్కు ఒక్కసారి చూసింది. పళ్లెం సరిగ్గ పట్టుకొని ముంగటికి నడిచింది. ముక్క అయిపోయింది.

నాకు ఒళ్లంత మండింది. ఇన్ని దినాలు వాడు పంపిన లింకులు, వాడు చెప్పిన కోడెక్‌లు, ఖరాబయిన హార్డ్‌డిస్క్! లేనిదాన్ని ఎతకమని రోజు ఫోన్ చేసి పంపిండు నన్ను. ఎవ్వడన్న బయటోడు చేస్తె తిట్టి ఊకుందును. వీడు నా తమ్ముడు. వాడి చేతులతోని అక్క గొంతు వాడే పిసికిండు, అటెన్క నాతోని కలిసి ఎతికినట్టు నటించిండు. అక్క దిక్కు తిరిగిన. ఆమె కండ్లల్ల ఆశ్చర్యం లేదు.

"నీకు ఎరికెనా?" అన్న. తల ఊపింది.

"ఎరికయ్యి గూడ పాడినవా? ఎరికయ్యి గూడ నన్ను ఇన్ని దినాలు తిరగనిచ్చినవా?" అని ఆమె మీద గూడ అరిచిన. అక్క కోపం చెయ్యలేదు. అరచెయ్యి మంచం పట్టె ఎత్తుకు కిందికి దించి చూపెట్టింది, ఇంత చిన్నోడు అన్నట్టు. యాభై ఏండ్లోణ్ణి! నాకు ఇంకా మండింది. ఏడుపు గూడ వచ్చింది, కోపంల ఏడుపు, ఆపుకుంటె ఆగలేదు.

అంతల ఫోన్ మోగింది. వాడే. స్పీకర్ మీద పెట్టిన.

"ఏమయ్యిందే చిన్నక్కా, నడిచిందా?"

"నడిచిందిరా" అన్న. "నీ ఆవాజ్ మస్తు సాఫ్‌గ వచ్చింది."

వాడు మెల్లగ అడిగిండు, "అక్క పక్కన ఉన్నదా?"

"ఉన్నది. ఇప్పుడు ఇన్నది. ఆనాడు గూడ ఇన్నది."