కొండ మింగిన మాట

నిన్న మనవరాలు పెరడంతా ఫోను పట్టుకుని తిరిగి, "కొండ అడ్డమొస్తన్నాది మామ్మా, మాట పోవట్లేదు" అంది. మాయమ్మ గురుతొచ్చింది. నాకు అక్షరమ్ముక్క రాదు, నేను సెప్తంటే అదే రాస్తన్నాది.

నా ఈడోళ్లకి గురుతుంటాది, రోడ్డు పని క్యాంపుల్లో గరగరమనే ఆకుపచ్చ వైర్లెస్ పెట్టె. సాలూరు అవతల కొండల్లో అలాటి క్యాంపులోనే మా నాయన వంటోడు. మాయమ్మకి పురుడు కష్టమైంది. ఆపరేటరు బాబు జీపు కోసం పిలిచి పిలిచి, "కొండ మాటని మింగేస్తన్నాది, పైకెక్కాలి" అన్నాడు. నాయన పెట్టెని వీపుకి కట్టుకుని ఎక్కాడు, బాబు వెనకే ఎక్కాడు. పైనుంచి ఒక్క పిలుపుకే సాలూరోళ్లు పలికారంట. "ఆమెని పెద్దరోడ్డు మీదకి తెండి, జీపు పంపుతన్నాం" అన్నారంట.

ఆ మాట కొండ మీద, మాయమ్మ కొండ కింద. మాకెవులు సెప్తారు? నాయన దిగొచ్చేసరికి అమ్మ సెయ్యి నా సేతిలో సల్లబడిపోయింది. పెట్టెలో మళ్లీ గరగరే మిగిలింది.

ఇప్పుడు ఫోను టవరు కొండకి అవతలే, సదును నేల మీద కడతారంట. "ఏటి బాబూ, కొండ పక్కకి జరిగిందా?" అని టవరు పని సూడ్డానికొచ్చిన ఆఫీసరుని అడిగాను. "పైకి సామాను మొయ్యడం కష్టం మామ్మా" అన్నాడు.

ఇది రాస్తన్న పిల్లకి ఏడో నెల. మా నాయన వీపు మీద మోసుకెక్కాడు బాబూ. మీరూ ఎక్కండి.