ఒకే మేకుకు రెండు క్యాలెండర్లు

కోరుట్లలో కొలువు ముగించి జగిత్యాలకు వచ్చాక కాగితం డైరీ మాని కంప్యూటర్‌లో రాయడం మొదలుపెట్టాను. కాగితం మీద గీసుకునే గళ్ళనే అక్కడా గీసి నమూనా పేజీగా దాచుకున్నాను. వాన, కాలువ నీళ్ళు, కరెంటు, ఇంటికి వచ్చినవాళ్ళు, చివర మిగిలిన మాట. ఆ గళ్ళు కనిపించకపోతే రోజును ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచదు.

ఒక పొద్దున నేను డైరీ రాసుకునే సాఫ్ట్‌వేర్ తెరుచుకున్నట్టే తెరుచుకొని మూతపడింది. మళ్ళీ తెరిచాను, అంతే. సిరిసిల్లలో డీటీపీ సెంటర్ నడిపే మా బిడ్డకు ఫోన్ చేశాను.

“గది నీ అలవాట్లన్ని ఒక ఫోల్డర్ల పెట్టుకుంటది బాపూ. అక్షరం సైజు, నీ గళ్లు, అన్ని. అండ్ల ఏదో ఖరాబయింది. ఆ ఫోల్డర్ పేరు మార్చు. పాతది దొరకకపోతె కొత్తది అదే చేసుకుంటది.”

“మరి నా డైరీలు?”

“అవి ఏరే కాడున్నయి. వాటికేం గాదు.”

డైరీలు ఒకచోట, రాసే అలవాట్లు ఇంకోచోట ఎట్లా ఉంటాయో నాకు ఎంతకీ అర్థం కాలేదు. అయినా పేరు చివర ‘పాత’ అని చేర్చాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. గళ్ళు లేవు. అక్షరాలు ఆవగింజలంత.

మా ఇంట్లో కొత్త క్యాలెండర్‌ను పాతదాని మీదే, అదే మేకుకు తగిలిస్తాం. కిందటేడు గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో చూడాలంటే పైది ఎత్తితే చాలు. అదే పద్ధతిలో పాత ఫోల్డర్‌లోనివన్నీ కొత్తదాంట్లోకి కాపీ చేశాను. మధ్యలో కంప్యూటర్ ఏదో అడిగింది, సరే అన్నాను. సాఫ్ట్‌వేర్ మళ్ళీ మూతపడింది.

క్యాలెండర్ సంగతి చెబితే బిడ్డ నవ్వింది. “గిది మేకు గాదు బాపూ. పాతవి అచ్చి కొత్తవాటి జాగల కూసున్నయి. రోగం గూడ వాటెంబడే అచ్చింది.”

పక్కన బియ్యం ఏరుతున్న నా భార్య, “పొద్దటి సంది గా డబ్బ ముంగటనే ఉన్నడు. గళ్లు లేకుంటె ఇయ్యాల దినం గడవదా ఏంది?” అంది, ఫోన్‌లో బిడ్డకు వినబడేటట్టు.

మళ్ళీ పేరు మార్చి, కొత్త ఫోల్డర్ తయారయ్యాక, బిడ్డ చెప్పినట్టు నమూనా పేజీ ఒక్కటే పాతదాంట్లోంచి తెచ్చాను. గళ్ళు వచ్చాయి. అక్షరాలు ఆవగింజలుగానే ఉన్నాయి. ఖరాబైంది ఏదని అడిగితే, తనకూ తెలియదంది.

‘మిగిలిన మాట’ గడిలో, కళ్ళద్దాలు తెరకు ఆనించి, ‘బాగయింది, ఎట్లానో తెలియదు’ అని రాశాను. పాత ఫోల్డర్‌ను ఇంకా తీసేయలేదు. అందులో నా అలవాటు ఏదో, రోగం ఏదో తేలలేదు.