కాలువ కట్టేసే లోపు

మా వైపు ప్రతి వేసవిలోనూ మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ లోపే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ నీళ్లే. ఆ ఏడు చెరువు సగానికి పైగా నిండాక నీళ్లకు వాసన మొదలైంది. బిందె మీద మూత తీస్తే పుల్లగా, ముక్కులో గుచ్చుకునే వాసన. కాలువ కట్టేయడానికి ఇంకా ఆరు రోజులుంది.

మా పాపకు అప్పటికి రెండేళ్లు నిండలేదు. మూడు రోజులుగా విరేచనాలు. వీధిలో ఇంకో నలుగురు పిల్లలకూ అదే. నేను నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, నమ్మకం లేక మళ్లీ మరగబెట్టేదాన్ని. "పిల్లకే కాదు, నీళ్లకీ జ్వరం తెప్పిస్తున్నావు" అనేవారు మా అత్తయ్య. మా ఆయన ఉద్యోగం సామర్లకోటలో. వారానికొకసారి వచ్చేవారు. పాప కళ్లు లోపలికి పోయాయేమోనని గంటకోసారి చూసుకోవడం నా పనైపోయింది.

అంతకు ముందు ఏడాది నేను రాజమండ్రిలో ఆడవాళ్ల నాయకత్వ శిక్షణకు వెళ్లాను. మూడు నెలలు, ప్రతి బుధవారం. పాఠం చెప్పే మేడమ్ బల్ల మీద ఒక చిన్న గంట పెట్టుకునేవారు. మాలో ఎవరైనా "మా ఆయన్ని అడిగి చెప్తానండి" అంటే టింగుమని కొట్టేవారు. మొదటి వారం ఆ గంటకు విశ్రాంతే లేదు. ఆవిడ పదే పదే చెప్పిన మాట ఒకటుంది. ఫిర్యాదు చేసే ముందు వెళ్లి కళ్లతో చూసి రండి, ఆ తరవాతే నోరు తెరవండి అని.

శిక్షణ అయ్యాక ఊళ్లో గోనెసంచులు బాగుచేసే పని మొదలుపెట్టాను. మండపేట చుట్టూ రైసుమిల్లులకు పాత గోనెల అవసరం ఎప్పుడూ ఉంటుంది. చిరిగినవి తెచ్చి, దులిపి, దబ్బనంతో పురికొస వేసి కుట్టి ఇవ్వాలి. మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఎనిమిది మంది కుట్టేవారు. చేలల్లో పనుల్లేని నెలల్లో వాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ దబ్బనాల మీదే. మా పనంతా ఊరి చివర మిల్లు నుంచే వచ్చేది.

వాసన ఆ మిల్లుదేనని నేను తేల్చేసుకున్నాను. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యం నానబెట్టిన నీళ్లు పులిసి అలాగే కంపు కొడతాయి. ఆ రోజే పంచాయతీ ఆఫీసు దగ్గర గ్రామసభ జరిగింది. పాపను చంకనేసుకుని లేచి నిలబడ్డాను. మిల్లు నీళ్లు చెరువులోకి వస్తున్నాయి, పిల్లలకు జబ్బులు చేస్తున్నాయి, ఆపించండి అన్నాను. గొంతు వణకలేదు. అందుకు లోలోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

మిల్లు యజమాని ముందు వరసలో కూర్చున్నారు. వెనక్కి తిరిగి నవ్వారు.

"మా గోనెలే కుడుతూ, మా నీళ్లు కంపంటారేంటమ్మా? రాజమండ్రి ట్రైనింగులో ఇదే నేర్పారా?"

జనం నవ్వారు. ఆయన నవ్వు ఆపేశారు.

"రుజువు తెండి. తెస్తే మిల్లు ఆపేస్తాను. తేకపోతే మీ దబ్బనాలు ఆపుకోండి."

మర్నాడు పొద్దున్నే రుజువు కోసం బయలుదేరాను. పాప పాలసీసా ఒకటి శుభ్రంగా కడిగి, నీళ్లు పట్టి పరీక్షకు పంపాలని పట్టుకెళ్లాను. పిల్లకాలువ నుంచి చెరువులోకి నీళ్లు తిప్పే తూము ఊరికి అర మైలు దూరం. అక్కడ కాలువ కాసే లస్కరు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. పెద్దవాడు. నన్ను చూసి చుట్ట వెనక దాచుకున్నాడు.

"మిల్లు నీళ్లు ఎక్కడ కలుస్తున్నాయండి?" అని అడిగాను.

"అవి ఇటు రావండి. తూముకి దిగువన, అదుగో, ఆ చింతచెట్టు దాటాక కలుస్తాయి. ఎగువకి ఎక్కడానికి నీళ్లకి కాళ్లున్నాయేంటండి?"

"మరి ఈ వాసన?"

"ఆయ్, వాసన నిజమేనండి. ఇదిగో, ఇది చూడండి."

వంకీ కర్రతో తూముకు అడ్డంగా ఉన్న ఇనప ఊచల్లోంచి ఒక ముద్ద లాగి గట్టు మీద పడేశాడు. తడిసి నల్లబడిన పీచు. దాన్నిండా కోడి ఈకలు.

"ఎనిమిది రోజులై తీస్తానే ఉన్నానండి. ఎక్కడి నుంచి కొట్టుకొస్తందో మరి."

నాకు తెలుసు. గోనె పీచును నేను కళ్లు మూసుకుని గుర్తుపడతాను. పది రోజుల కిందట ఒక వ్యాపారి దగ్గర చవగ్గా దొరికాయని ఒక ట్రాక్టరు గోనెలు కొన్నాను. చేపల చెరువులకు కోళ్ల పెంట మోసిన గోనెలు. వాటి కంపుకు అత్తయ్య రెండు పూటలు అన్నం తినలేదు. ఎక్కడైనా ఉతుక్కు రమ్మని వాటిని షెడ్డులోంచి పంపించేసింది నేనే.

పాలసీసాలో నీళ్లు పట్టలేదు. అటు నుంచి అటే దళితుల పేటకు వెళ్లాను. మా షెడ్డులో అందరికంటే పెద్దావిడ, అందరికంటే గట్టిగా కుట్టే మనిషి అక్కడే చర్చి వెనక ఉంటుంది. ఆవిడ గడప దగ్గర బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆ కోళ్ల గోనెలు తూముకి ఎగువన ఉతికారా?"

"మరెక్కడుతుకుతామండి? మీ పెరట్లో వద్దన్నారు. బోరు దగ్గర వద్దన్నారు. ఊళ్లో కంపు రాకూడదన్నారు. ఎవరూ ఉండరని అక్కడికెళ్లాం."

"చెరువుకి నీళ్లు పెడుతున్నారని తెలీదా?"

ఆవిడ చేట కింద పెట్టింది. "మీకు తెలీదాండి?"

తూము ఊచల్లో ఈకలు చూశానని చెప్పాను. ఆవిడ ముఖం మెల్లగా మారింది. వీధి వైపు చూసి గొంతు తగ్గించింది.

"చెప్తారా ఊళ్లో?"

"చెప్పకపోతే వేసవంతా ఆ నీళ్లే తాగాలి అక్కా."

"మేమూ అవే తాగుతున్నామండి, మా మనవడికీ అదే జబ్బు. కానీ ఒకటి. మిమ్మల్ని నాలుగు రోజులంటారు. పేటోళ్లు చెరువు పాడుచేశారని మమ్మల్ని మా పిల్లల పెళ్లిళ్లయ్యేదాకా అంటారు."

ఇంటికొచ్చి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని విసురుతున్నారు.

"ఎవరికి తెలుసు? మిల్లు మీదే ఉండనీ. మనం మరగబెట్టుకుని తాగుదాం."

మరగబెట్టుకోగలను. గ్యాసు పొయ్యి ఉంది మాకు. వీధిలో మిగతావాళ్లు అన్నం వండటానికే పుల్లలు లెక్కపెట్టుకుంటారు. చెరువు తోడెయ్యడానికి రెండు రోజులు, మళ్లీ నీళ్లు పెట్టడానికి కనీసం మూడు రోజులు. కాలువ కట్టేయడానికి ఉన్నవి అయిదే. చెప్పేదేదో ఆ రోజే చెప్పాలి. మర్నాడు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆలోచిస్తూ పాప పాలసీసాను మూడుసార్లు కడిగాను.

ఎండ దిగకముందే పంచాయతీ ప్రెసిడెంటు గారింటికి వెళ్లాను. అరుగు మీద ఆయనతో పాటు మిల్లు యజమాని కూడా ఉన్నారు.

"రుజువు తెచ్చారా అమ్మా?" అన్నారు మిల్లు యజమాని.

"తెచ్చానండి. తప్పు మీది కాదు. నాది."

అంతా చెప్పాను. కోళ్ల గోనెలు, తూము, ఈకలు. చెరువు తోడించి మళ్లీ నింపించమని అడిగాను. ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు.

"ఉతికిందెవరు?"

"ఉతికించింది నేనండి."

"అది కాదమ్మా. నీళ్లలో దిగిందెవరని?"

"నా గోనెలు, నా మాట. నేనే ఉతికాననుకోండి."

"ఇలా వచ్చి చెప్తున్నట్టు మీ ఆయనకి తెలుసా?"

ఆ క్షణంలో నాకు టింగుమని గంట వినిపించింది. "తెలీదండి. శనివారం వస్తారు. అప్పటికి కాలువ కట్టేస్తారు" అన్నాను.

మిల్లు యజమాని లేచారు. "మా కూలీలూ ఆ నీళ్లే తాగేది. తోడటానికి మూడు ఇంజన్లు పంపిస్తాను" అని ప్రెసిడెంటు గారితో అన్నారు. అరుగు దిగాక మాత్రం నా వైపు చూశారు. "రేపట్నుంచి గోనెలు రావమ్మా."

రెండు రోజులు ఇంజన్లు ఆడాయి. చెరువు నీళ్లన్నీ మురుగుకాలువలోకి పోతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. అడుగున బ్లీచింగ్ చల్లి, కడిగి, మళ్లీ తూమెత్తారు. చెరువు మెట్లు పన్నెండు. నీళ్లు అయిదో మెట్టు ఎక్కేసరికి కాలువ కట్టేశారు. పాపకు ఆ వారంలోనే నయమైంది. దాని వంక చూసి సంతోషించడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

ఇంటికి రోజుకు మూడు బిందెలని పంచాయతీ తీర్మానించింది. "గోనెల మేడమ్ గారి దయ" అని నాకు వినపడేలా అనేవారు. నేను రాజమండ్రి, పట్టిసీమ వైపు మిల్లుల చుట్టూ తిరిగాను. నెలన్నర తరవాత ఒక చోట పని దొరికింది, మునుపటిలో సగం. ఎనిమిది మందిలో అయిదుగురే మళ్లీ వచ్చారు. పెద్దావిడ వచ్చింది.

నీళ్లలో దిగింది ఎవరో నేను చెప్పలేదు. ఊరికి చెప్పాల్సిన పనీ లేకపోయింది, మా షెడ్డులో పనిచేసేది పేటవాళ్లేనని అందరికీ తెలుసు. మే నెలలో నీళ్లు రెండో మెట్టుకు దిగిన రోజుల్లో, వరసలో పెద్దావిడకు ముందున్నామె తన బిందె పక్కకు లాక్కుని, "నువ్వు దిగకు, పైనే ఉండు, ఎవరో ఒకరు ముంచి పోస్తారు" అంది. నేను గబగబా ముందుకెళ్లి "ఇలా ఇవ్వు అక్కా, నేను ముంచుతాను" అని చెయ్యి చాపాను.

ఆవిడ బిందె ఇవ్వలేదు.

"వద్దండి. నా బిందె నేను ముంచుకుంటాను."

ఇన్నేళ్ల తరవాత ఇది రాస్తుంటే, ఆ చాపిన చెయ్యే కళ్ల ముందుకొస్తోంది. ఆ రోజు నేను పక్కకు జరిగాను. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, అందరూ చూస్తుండగా ఒక్కో మెట్టూ దిగి వెళ్లింది.